డెల్టా ముందు రెనో 5 టర్బో ఎందుకు తేలిపోతుంది

ఫ్రాన్స్‌కు చెందిన రెనో 5 టర్బో గొప్పదా, ఇటలీకి చెందిన లాంచా డెల్టా ఇంటెగ్రాలే గొప్పదా అన్న వాదన పాత టర్బో హ్యాచ్‌బ్యాక్‌లను (వెనుక తలుపు పైకెత్తి సామాను పెట్టుకునే చిన్న కార్లను) సేకరించేవారి మధ్య ఇప్పట్లో తెగేలా లేదు. నా మటుకు అది ఎప్పుడో తేలిపోయింది, డెల్టాదే పైచేయి.

రెనో అభిమానులు చెప్పేదాన్ని తీసిపారేయలేం. వెనుక సీటు తీసేసి ఆ చోట 1397 సీసీ ఇంజన్‌ను కూర్చోబెట్టి, 160 హార్స్‌పవర్ రాబట్టిన ఆ కారుతో ఫ్రెంచ్ డ్రైవర్ రాన్యోత్తి 1981లో మోంటే కార్లో ర్యాలీ గెలిచాడు. పైగా టర్బో, టర్బో 2 అనే రెండు శ్రేణులూ కలిపినా తయారైనవి సుమారు 5,000 మాత్రమే.

కానీ వెనుక తలుపు ఎత్తితే సంచి పెట్టుకోవాల్సిన చోట ఇంజన్ కనిపించే బండిని హ్యాచ్‌బ్యాక్ అనడం మర్యాద కోసమే. మామూలు రెనో 5లో ఇంజన్ ముందుంటుంది, నడిపేవీ ముందు చక్రాలే. టర్బోలో రెండూ వెనక్కి పోయాయి, మిగిలింది పేరూ ముఖమూ. డెల్టా అలా కాదు. 1979లో ఇటలీ డిజైనర్ జుజారో గీతతో వచ్చిన ఆ ఐదు తలుపుల కుటుంబ కారు వెనుక సీటునూ డిక్కీనీ వదులుకోకుండానే నాలుగు చక్రాలకూ శక్తినందించే ర్యాలీ కారయింది.

దానికి కారణం నిబంధన. 1986లో కోర్సికా ర్యాలీలో లాంచా డ్రైవర్ టోయివోనెన్, సహ డ్రైవర్ క్రెస్టో మరణించాక, అతి శక్తిమంతమైన ర్యాలీ కార్ల తరగతి గ్రూప్ బి రద్దయింది. పోటీ మామూలు కార్లకు దగ్గరగా ఉండే గ్రూప్ ఏ తరగతికి మారింది, అందులో దిగాలంటే 5,000 కార్లు తయారుచేసి తీరాలి. రెనో ఒకప్పుడు గ్రూప్ 4 అనే పాత తరగతి కోసం చూపాల్సింది 400 కార్లు మాత్రమే. అందుకే ర్యాలీలో డెల్టాకు ఏది అవసరమైతే అది కొనుగోలుదారుకూ దక్కింది: 8 వాల్వుల (ఇంజన్‌లోకి గాలిని రానిచ్చి పొగను పోనిచ్చే మూతల) కారులో ముందు చక్రాలకు 56 శాతంగా ఉన్న చోదక శక్తి 1989 నాటి 16 వాల్వుల కారులో 47 శాతానికి తగ్గింది, కొత్త ఇంజన్‌కు చోటివ్వడానికి బానెట్ మధ్యభాగం ఉబ్బింది. 1987 నుంచి 1992 దాకా వరుసగా ఆరు ప్రపంచ ర్యాలీ తయారీదారుల టైటిళ్లు లాంచావే.

అసలు అరుదుతనాన్నే విలువగా కొలిచే మన అలవాటు మీదే నా ఫిర్యాదు. రెనో ప్రకటించిన టర్బో 3ఈ అనే కొత్త విద్యుత్ కార్ల సంఖ్య 1,980. తొలి టర్బో 1980లో వచ్చింది కనుక ఆ అంకె. ఏ పోటీ నిబంధనా దాన్ని అడగలేదు. నిజానికి పోటీ అవసరం కోసమే పుట్టాలన్న నా కొలతకు లాంచా కూడా పూర్తిగా నిలవదు. కంపెనీ జట్టు ర్యాలీల నుంచి తప్పుకున్నాక, 1993లో వచ్చిన 215 హార్స్‌పవర్ డెల్టా ఎవో 2 కోసం, అందులోనూ ప్రత్యేక రంగుల కార్ల కోసం సేకర్తలు ఎగబడతారు. నన్నడిగితే 1989 నాటి 16 వాల్వుల కారునే ఎంచుకుంటాను. ఆ ఏడాది ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీలో లాంచా డ్రైవర్ బియాసియోన్ గెలిచింది దానితోనే.