రోల్‌ప్లే దొరవారికి పాలమూరు మేస్త్రి కొడుకు పెట్టుకున్న అర్జీ

మహారాజశ్రీ ఆన్‌లైన్ రోల్‌ప్లే గారి సముఖమునకు,

మక్తల్ దిక్కు నుంచి ఒక ఎంబీఏ విద్యార్థి నమస్కరించి రాసుకున్న అర్జీ. ఇక్కడ అందరం క్షేమం. తమరు క్షేమమని వేరే చెప్పనక్కరలేదు, అర్ధరాత్రి రెండింటికి కూడా మెయిళ్లు పంపుతూనే ఉన్నారు.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పాఠం వింటే రాదు, చేస్తేనే వస్తుందని మా సారు తమరిని, అంటే ఫోన్‌లో తలా ఒక పాత్ర కట్టి ఉత్తుత్తి పని నడిపే ఆటను, క్లాసుకు పిలిచారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. గట్టు మీద నిలబెట్టి ఈత నేర్పినోణ్ని మా ఊళ్లో ఎవరూ చూడలేదు. కాకపోతే తమరు బాయిలోకి తోయలేదు. ఫోన్‌లో బాయి బొమ్మ చూపించి దూకమన్నారు.

అయిదుగురం ఒక గుంపు. వాట్సాప్‌లో చిట్టీలు వేశారు. క్లయింట్, ఫైనాన్స్, క్వాలిటీ, కాంట్రాక్టర్ మిగతా నలుగురికీ పోగా ప్రాజెక్ట్ మేనేజర్ నాకొచ్చింది. పేరులేని నగరంలో 40 కోట్లతో ఆసుపత్రి కట్టాలి. ఇక్కడి ఒక రోజు తమరి లెక్కలో ఒక వారం. రాత్రి తొమ్మిదికి వారం మూసుకుంటుంది. ఇంట్లో చెబితే అమ్మ పొయ్యి దగ్గర్నుంచే అడిగింది: "నలభై కోట్లా! అండ్ల నీకెంత బిడ్డా?"

నాయిన అడిగింది వేరు.

"అంటే మేస్త్రివన్నట్టు."

"మేస్త్రి కాదు నాయినా, ప్రాజెక్ట్ మేనేజర్."

"సరే తీయి. తట్ట మోసేటోళ్లు ఎవరు మీ అయిదుగుర్ల?"

మోసే పాత్ర లేదన్నాను. ఆయన కాసేపు నావంక చూసి, గొడ్లకు నీళ్లు పెట్టడానికి లేచిపోయాడు.

మా నాయిన ఇరవై రెండేళ్లుగా గుంపు మేస్త్రి. దీపావళి దాటాక పదిహేను, ఇరవై మందిని వెంటబెట్టుకుని పుణే వైపు పోతాడు, వానలకు తిరిగొస్తాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' అనే మాట వినపడేది కదా, ఆ మాటలో మా ఇల్లు కూడా ఉంది. తమరి రికార్డుల్లో ఈ సంగతి ఉండకపోవచ్చు.

తమరి దయవల్ల ఏమీ రాలేదని అబద్ధం చెప్పను. పెర్ట్ వచ్చింది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పని కోసం తయారు చేయించుకున్న లెక్క అది. పని తొందరగా అయితే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, బాగా ఆలస్యమైతే ఎన్ని అని చూసి, మామూలు అంకెను నాలుగింతలు చేసి, మూడూ కలిపి ఆరుతో భాగిస్తే అంచనా వస్తుంది. దాన్ని మొట్టమొదట యూరియా దుకాణం మీద ప్రయోగించాను. లారీ వస్తే ఒక రోజు, మామూలుగా మూడు, మరీ మొండికేస్తే పదకొండు. నాలుగు రోజులని తేలింది. అమ్మ మెచ్చుకుంది కూడా. అయిదో రోజు పొద్దున పోయి చూస్తే ఆమె చెప్పులు లైన్లోనే ఉన్నాయి, ముందు ఇరవై జతలు, వెనక లెక్కలేనన్ని. క్షిపణికి యూరియా అక్కరలేదు కాబట్టి నౌకాదళాన్ని తప్పు పట్టలేం.

మా ఆటలో క్లయింట్ నా రూమ్మేటు. పొద్దున నా సబ్బుతోనే స్నానం చేసినవాడు సాయంత్రం మీటింగ్‌లో కెమెరా ముందు చొక్కా వేసుకుని (కింద లుంగీయే) "మీ ప్రోగ్రెస్ పట్ల మేము అసంతృప్తిగా ఉన్నాం" అంటాడు. ఆ మాట కూడా మార్కుల కోసమే. 'సంఘర్షణను నిర్వహించుట'కు అయిదు మార్కులున్నాయి, సంఘర్షణ లేకపోతే అవి పోతాయి. అందుకని మీటింగ్‌కు ముందు బస్టాండ్ దగ్గర మిర్చీలు తింటూ ఎవరు ఎప్పుడు కోప్పడాలో రాసుకునేవాళ్లం. మా ఊరి బాగోతంలో కూడా ఇంత రిహార్సల్ ఉండదు.

నిజంగా వేషం కట్టింది ఫైనాన్స్ పిల్ల ఒక్కతే. దేవరకొండ అమ్మాయి. లేని 40 కోట్లలోంచి లేని సిమెంటుకు లేని పైసలు విడుదల చేయమంటే కొటేషన్లు మూడు తెమ్మంది. నేను గొంతు పెంచాను. మూడు రోజులు మాట్లాడుకోలేదు, అది మాత్రం నటన కాదు, నిజంగానే మాట్లాడకపోవడం. ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నంత మిగతా ఆటంతా కలిపినా నేర్చుకోలేదు. న్యాయంగా ఇది తమరి ఖాతాలోనే వేస్తున్నాను.

ఇక అసలు ఫిర్యాదు. ఆరో వారం నాడు, అంటే మా లెక్కలో మంగళవారం, గాలివాన. కరెంటు పోయింది. సిగ్నల్ కోసం ఊరి నీళ్లట్యాంకు మెట్లెక్కి కూచున్నాను. ఫోన్‌లో ఛార్జింగ్ తొమ్మిది శాతం. నాయిన నెత్తిన యూరియా సంచి కప్పుకుని పక్కన కూచున్నాడు. మెయిల్ వచ్చింది: 'సైట్‌లో 120 మంది కూలీలు పని ఆపేశారు. 15 నిమిషాల్లో నిర్ణయం తెలపండి.' ఏ, కూలి పది శాతం పెంచడం. బి, చర్చలు. సి, కాంట్రాక్టర్‌ను మార్చడం.

చదివి వినిపించాను.

"ఎందుకు బంజేసిన్రంట?"

"రాయలేదు."

"అడ్వాన్స్ ముట్టిందా వాళ్లకు? నీళ్ల ట్యాంకర్ వస్తున్నదా? వారం బట్వాడా ఎన్నడైంది ఆఖరుసారి? ఎవరికన్న దెబ్బ తాకిందా?"

ఇవేవీ ఏ, బి, సి లలో లేవు. డి ఉందేమోనని కిందికి జరిపి చూశాను, కాపీరైట్ అని ఉంది. ఛార్జింగ్ ఆరు శాతానికి దిగింది. బి నొక్కాను. చర్చలు జరిగిపోయాయి, రెండు సెకన్లలో. 'కూలీల సంతృప్తి 62 నుంచి 71కి పెరిగింది' అని పచ్చరంగు పట్టీ వచ్చింది.

"ఎవడు కొలిచిండురా?" అన్నాడు నాయిన.

మా తాత నాగార్జునసాగర్‌కు రాళ్లు మోశాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మధ్య పన్నెండేళ్లూ యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. ఆ తేదీలు నేను పుస్తకంలో చదివినవి. తాతకు గుర్తున్నది బట్వాడా రోజున వండుకున్న చేపల కూర, పరంజి మీంచి జారిన పక్కూరి మనిషి. ఇక మా జిల్లా నీళ్ల సంగతంటారా, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న కరివెనలో శంకుస్థాపన చేశారు. మొదట జూరాల నుంచి ఎత్తుతామన్నారు, తరవాత శ్రీశైలం వెనక జలాల నుంచి అన్నారు. అనుకున్న పని రూపం ఇట్లా మారడాన్ని మా పాఠంలో స్కోప్ మార్పు అంటారని రచ్చకట్ట మీద చెబితే ఒక పెద్దాయన ఆశ్చర్యపోయాడు: "గీనికి ఇంగ్లీషుల పేరు గూడ ఉన్నదా!"

మొత్తానికి మా ఆసుపత్రి గడువుకన్నా రెండు వారాల ముందే పూర్తయింది. గ్రేడ్ బాగానే వచ్చింది. చివర 'ఏమి నేర్చుకున్నారు' అని మూడు వందల మాటలు రాయమంటే నాయిన అడిగిన నాలుగు ప్రశ్నలూ రాసి పెట్టాను. 'బాగుంది, ఏదైనా ఫ్రేమ్‌వర్క్‌కు ముడిపెట్టండి' అని సారు ఎర్ర అక్షరాల్లో రాశారు.

నాయిన ఆదివారం బయలుదేరుతున్నాడు. పదహారు మందిలో ఇద్దరు వేరే మేస్త్రి దగ్గర కూడా అడ్వాన్స్ తీసుకున్నారట, ఒకామెకు జ్వరం, ఇంకొకామె పిల్లను ఎవరి దగ్గర వదలాలో తేలలేదు. పొద్దటి నుంచి ఫోన్‌లోనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్నొక మాట కనుక్కోమన్నాడు, అందుకే ఈ అర్జీ.

మా ఆసుపత్రి రెండు వారాల ముందే అయిపోయింది గదా. ఆ 120 మందికి ఆఖరి రెండు వారాల కూలి ముట్టిందా లేదా, తమరి లాగ్‌లో చూసి చెప్పగలరు.

ఇట్లు,
తమరి మాజీ ప్రాజెక్ట్ మేనేజర్