ఆయన వేలిముద్ర కావాలట!

కొట్టే భర్తను వదిలి ఇద్దరు పిల్లలతో పుట్టింటికి చేరిన ఆ కోనసీమ తల్లికి గ్రామ సచివాలయంలో ఏం జరిగిందో ఈపాటికి ఊరూరా చెప్పుకుంటున్నారు. బడికెళ్లే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు ఎందుకు పడలేదని అడిగితే, ‘మీ కుటుంబానికి మాగాణి ఎక్కువుందమ్మా’ అన్నారు. ఆ మాగాణి భర్తది. అందులోంచి ఆమెకు గింజ కూడా రాదు. భర్త కుటుంబం లెక్కలోంచి తన పేరు విడగొట్టమంటే విడాకుల కాగితం తెమ్మన్నారు. అది లేకపోతే ఆయన్ను వెంటబెట్టుకొచ్చి వేలిముద్ర వేయించమన్నారు. ఎవరి దెబ్బలకు తాళలేక అర్ధరాత్రి గడప దాటిందో, అతన్నే బతిమాలి తీసుకురావాలన్నమాట!

ఆమె ఇప్పుడు రొయ్యల షెడ్డులో కూలి. తెల్లారకముందే వ్యాన్ ఎక్కాలి. ఐసు నీళ్లలో చేతులు పెట్టి రోజంతా తలలు తీసి పొట్టు వలవాలి. వలిచిన కిలోలను బట్టి కూలి. సాయంత్రానికి వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ముడతలు పడతాయి. ఆ వేళ్లను సచివాలయంలో మిషన్ మీద తుడిచి తుడిచి నొక్కినా ఈకేవైసీ, అంటే ఆమె ఆమేనని మిషన్ సరిచూసుకోవడం, పడలేదు. ఆమె ముద్ర పడదు, ఆయన ముద్ర వేయడు. పిల్లల డబ్బులు అక్కడే ఆగిపోయాయి.

2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. విడాకులు తీసుకున్నాకే రమ్మని అందులో ఎక్కడా లేదు. రక్షణ, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ అన్నీ పెళ్లి రద్దు కాకుండానే అడగొచ్చు. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చేందుకు మేజిస్ట్రేట్ ప్రయత్నించాలని కూడా ఉంది. (కోర్టు మెట్లెక్కిన వాళ్లకు ఈ 60 రోజుల మాట చెబితే నవ్వుతారు, అది వేరే సంగతి.) చట్టం అడగని విడాకులను సచివాలయం కంప్యూటర్ ఎందుకు అడుగుతోంది? ఒకప్పుడు పెద్దమనుషుల పంచాయతీలో ‘సర్దుకుపోమ్మా’ అనేవారు. ఇప్పుడా మాట సర్వర్ అంటోంది.

పథకం పేరు చూడండి, తల్లికి వందనం. 15,000 రూపాయల్లో 13,000 తల్లి ఖాతాలోనే పడతాయి. అర్హతకు వచ్చేసరికి మూడెకరాల మాగాణి, పదెకరాల మెట్ట, 300 యూనిట్ల కరెంటు, నాలుగు చక్రాల బండి అంటూ ఇల్లు మొత్తాన్ని తూకం వేస్తారు. ఆ ఇంట్లో ఆమె లేదని ఊరందరికీ తెలుసు. ఎవరు ఏ కుటుంబమో సచివాలయం రాసుకున్న మ్యాపింగ్‌లో మాత్రం ఇంకా అక్కడే ఉంది. రేపు ఆయన కారు కొనుక్కుంటే దానికీ ఈ పిల్లలకే కోత.

అడిగినవాళ్లందరికీ పేర్లు విడగొడితే సాయం కోసం ఉత్తుత్తి కాపురాల గొడవలు పుట్టుకొస్తాయని అధికారుల భయం. పుట్టొచ్చు. విచారణ ఉన్నది అందుకే కదా? అదే సచివాలయంలో మహిళా పోలీసు ఉంటుంది. ఆ తల్లి ఎక్కడుంటోందో, పిల్లలు ఏ బడికి వెళుతున్నారో ఒక్క పూటలో కనుక్కోగలదు. ఆ మహిళా పోలీసును అడగరట, ఆయన వేలిముద్రే కావాలట.

డెల్టాలో ఇలాంటి తల్లులు ఒక్కరా ఇద్దరా? నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లి పిల్లల్ని చదివించుకుంటున్నారు. రాజోలు నుంచి ఇంటిపనికిచ్చే ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్లి, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఉంచి డబ్బులు పంపుతున్నారు. ఎవరి దయా లేకుండా నిలదొక్కుకున్నారు. ఈ ఒక్క సచివాలయం చేసింది సరేనని ఊరుకుంటే రేపు రేషన్ కార్డుకు, ఎల్లుండి ఇంటి స్థలానికి కూడా ఆయన వేలిముద్రే అడుగుతారు. కొట్టిన చేతికే ప్రభుత్వం తాళంచెవి అప్పగించినట్టవుతుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. గృహహింస చట్టం కింద ఉండే రక్షణ అధికారి నివేదిక గానీ మేజిస్ట్రేట్ ఉత్తర్వు గానీ ఉంటే తల్లీపిల్లల పేర్లు వెంటనే విడగొట్టాలని, ఆ రెండూ లేకపోతే మహిళా పోలీసు విచారణ చాలని ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ఒకటో తారీఖున పింఛన్లు పంచుతూ ఫొటోలు దిగే నాయకులకు ఈపాటి కాగితం మీద సంతకం పెట్టించే తీరిక లేదా? అదీ చేతకాకపోతే పథకం పేరులోంచి తల్లిని తీసేయండి.