హెండ్రా పరుగెత్తకుండానే గెలిచాడట!

ఆ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. షటిల్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల గ్రూపులన్నీ చుట్టి, చుట్టినప్పుడల్లా ఒక కొత్త అబద్ధం తగిలించుకుని మరీ వస్తోంది. ఇప్పటి అవతారంలో చెప్పేది ఇదీ: ఇండోనేషియా డబుల్స్ వీరుడు హెండ్రా సెటియావన్ రెండు ఒలింపిక్ స్వర్ణాలు కొట్టాడు. కెరీర్ అంతా ఒక్క అహ్సాన్ అనే జతగాడితోనే ఆడాడు. జాతీయ శిబిరం గెంటేస్తే పగబట్టి తిరిగొచ్చాడు. పురుషుల జట్లకి ప్రపంచ కప్ లాంటి థామస్ కప్‌లో, 2022 ఫైనల్లో మన సాత్విక్ చేతిలో ఓడాడు. 2019 ప్రపంచ టైటిల్ అదృష్టం కొద్దీ, అదీ సరిగ్గా 35వ పుట్టినరోజున దక్కింది. వీటన్నిటికీ తలమానికం: ఒంటికాలి మీద నిలబడి ఆల్ ఇంగ్లండ్ అనే పెద్ద టోర్నీ గెలిచాడు కనుక డబుల్స్ అంటే సగం కోర్టు, సగం శ్రమ. "మీ వాడు సింగిల్స్‌లో ఆయాసపడుతుంటే డబుల్స్‌లో వేసేయండి." కింద మూడు దండాలు, ఒక కప్పు బొమ్మ.

చిల్లర ముందు తేల్చేద్దాం.

ఒలింపిక్ స్వర్ణం ఒక్కటే, 2008 బీజింగ్‌లో. 2012 లండన్‌కి అర్హతే రాలేదు, 2016 రియోలో గ్రూపు దశలోనే ఇంటిదారి పట్టాడు, టోక్యోలో నాలుగో స్థానం. రెండో స్వర్ణం ఫార్వర్డ్ రాసినవాడి ఇంట్లో ఉందేమో వెతుక్కోవాలి.

భాగస్వామి సంగతి. బీజింగ్ స్వర్ణం అహ్సాన్‌తో కాదు, మార్కిస్ కిడోతో. చైనా గడ్డ మీద కాయ్ యున్, ఫు హైఫెంగ్ జోడీకి మొదటి గేమ్ 12-21తో ఇచ్చేసి, తర్వాత 21-11, 21-16తో లాక్కున్నారు. అంతకు ముందు ఏడాది కౌలాలంపూర్‌లో వచ్చిన తొలి ప్రపంచ టైటిల్ కిడోతోనే. 2010 ఆసియా క్రీడల స్వర్ణం కూడా కిడోతోనే. 2013, 2015, 2019 ప్రపంచ టైటిళ్లు మాత్రమే అహ్సాన్‌తో. కిడో 2021 జూన్‌లో షటిల్ ఆడుతూ కుప్పకూలి, 36 ఏళ్లకే పోయాడు. ఆ మనిషిని పతకాల పక్కనుంచి కూడా చెరిపేయడం అన్యాయం.

శిబిరం గెంటేసిందన్న మాట. కిడోతో ఆడిన రోజుల్లోనే ఆ జోడీ శిబిరం బయటికొచ్చి సొంతంగా ఆడింది. రియో తర్వాత హెండ్రా మళ్లీ బయటికెళ్లి, 2017లో మలేషియా ఆటగాడు టాన్ బూన్ హ్యోంగ్‌తో జత కట్టాడు. 2018లో మళ్లీ అహ్సాన్ దగ్గరికొచ్చాడు. పగలూ ప్రతీకారాలూ సినిమాలకు పనికొస్తాయి.

థామస్ కప్. బ్యాంకాక్ ఫైనల్లో సాత్విక్, అతని జతగాడు చిరాగ్ 18-21, 23-21, 21-19తో ఓడించింది అహ్సాన్‌నీ కెవిన్ సంజయనీ. ఆ మ్యాచ్‌లో హెండ్రా రాకెట్ పట్టలేదు. అమలాపురం కుర్రాడు హెండ్రాని ఓడించలేదని కాదు. అదే ఏడాది జనవరిలో ఢిల్లీలో, ఇండియా ఓపెన్ ఫైనల్లో, 21-16, 26-24తో అహ్సాన్-హెండ్రా జోడీనే ఓడించారు. గొప్పలు చెప్పుకోవడానికి నిజమే చేతిలో ఉండగా అబద్ధం ఎందుకో అర్థం కాదు.

ఇక అసలు విషం: "సగం కోర్టు, సగం శ్రమ". ఈ ఒక్క ముక్క లేకపోతే మిగతాదంతా నవ్వి వదిలేయొచ్చు. దీన్ని నమ్మి పిల్లల్ని బ్యాచ్ మారుస్తున్నవాళ్లున్నారు.

2019 మార్చి, ఆల్ ఇంగ్లండ్ ఫైనల్. ఎదురుగా మలేషియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్. హెండ్రాకి పిక్క గాయం, సరిగ్గా కదల్లేడు. మొదటి గేమ్ 11-21. తర్వాతివి 21-14, 21-12. హెండ్రా నెట్ దగ్గర పాతుకుపోయాడు, నిజమే. అవతలివాళ్లు ఎత్తుగా వెనక్కి లేపిన ప్రతి షటిల్‌నీ ఎగిరి కొట్టిందెవరు? ఈ మూలనుంచి ఆ మూలకి ఉరికిందెవరు? అహ్సాన్ అప్పుడు 31 ఏళ్లవాడు, హెండ్రా కంటే మూడేళ్లు చిన్న. ఇద్దరి పరుగూ ఒక్కడు పరుగెత్తాడు. శ్రమ సగమైందా, ఒకడి నెత్తిన రెట్టింపైందా? కూడికలు వచ్చినవాళ్లు చెప్పండి.

పైగా నెట్ దగ్గర "నిలబడటం" అంటే గుడి ముందు ద్వారపాలకుడిలా నిలబడటం కాదు. డబుల్స్ కోర్టు వెడల్పు 6.10 మీటర్లు, సింగిల్స్‌ది 5.18. దాడిలో ఉన్నప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. అంటే ముందున్నవాడు సగం వెడల్పు కాదు, పూర్తి 6.10 మీటర్లూ చూసుకోవాలి. షటిల్ పైకి లేపిన క్షణం ఇద్దరూ పక్కపక్కకి రావాలి, అవతలివాళ్లు లేపిన క్షణం మళ్లీ ముందూ వెనకా అయిపోవాలి. ఒక ర్యాలీలో ఈ మార్పు నాలుగైదుసార్లు జరగొచ్చు. సింగిల్స్‌లో ఊపిరి ఆడకపోతే ఎత్తుగా వెనక్కి కొట్టి రెండు అడుగులు తీరిగ్గా వేయొచ్చు. డబుల్స్‌లో అలా లేపితే తిరిగొచ్చేది స్మాష్. అందుకే మోకాళ్లు వంచి, మడమలు నేలకి ఆనకుండా, చిన్న చిన్న గెంతులతోనే ర్యాలీ అంతా గడపాలి. ఆ బరువంతా పడేది పిక్కల మీద. ఫార్వర్డ్ గర్వంగా చెప్పుకునే ఆ గాయం ఎక్కడ అయిందో ఒకసారి పైన చూడండి.

సర్వీస్ సంగతి ఇంకా ఘోరం. డబుల్స్‌లో వెనక సర్వీస్ గీత చివరి గీత కంటే 76 సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. అంటే వెనక్కి ఎత్తేసి భయపెట్టే దారి ఇరుకు. కాబట్టి అందుకునేవాడు ధైర్యంగా ముందు గీత మీదికి వచ్చి, రాకెట్ ఎత్తి కూర్చుంటాడు. 2018 నుంచి షటిల్‌ని నేలకి 1.15 మీటర్ల లోపే కొట్టాలి. పొడవైనవాళ్లకి ఇది ఇంకా ఇబ్బంది. షటిల్ లేవాల్సినంత ఎత్తుకి నెట్‌కి ఇవతలే లేచి, దాటేసరికి దిగుతూ ఉండాలి. దాటాక కూడా పైకి లేస్తోందంటే పాయింటు పోయినట్టే. వేళ్లతో చేసే ఈ పని 19-19 దగ్గర చేయి వణక్కుండా చేయడానికి ఏళ్లు పడుతుంది. "తేలికైన డబుల్స్" అంటే ఇదే.

హెండ్రా కిటుకు ఎక్కడుందంటే, బలంగా, బల్లపరుపుగా వచ్చే షాట్‌ని, అంటే డ్రైవ్‌ని, బలంగా తిప్పికొట్టడు. రాకెట్ పిడిని పైకి, అది సన్నబడే కోన్ దగ్గరికి పట్టుకుని, ఊపు లేకుండా, వేళ్లు బిగించీ వదిలీ దాని వేగాన్ని చంపేస్తాడు. షటిల్ నెట్ దాటి అక్కడే రాలుతుంది. అవతలివాడు కింద నుంచి లేపక తప్పదు. లేపితే వెనక అహ్సాన్ సిద్ధం. చూసేవాళ్లకి హెండ్రా ఏమీ చేయనట్టే ఉంటుంది. షటిల్ ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అడుగు వేసేశాడు కాబట్టి పరుగు కనిపించదు. అంతేగానీ అసలు కదలకపోవడం వల్ల కాదు.

ఆయాసపడే పిల్లాణ్ని తీసుకెళ్లి ముందు నిలబెడితే ఏమవుతుందో చెప్పనా? నెట్‌కి అతుక్కుపోతాడు, పక్కనుంచి పోయే ప్రతి డ్రైవ్‌నీ తల తిప్పి చూస్తాడు. రాకెట్ నడుము దగ్గర వేలాడుతుంటుంది, అది పైకి లేచేసరికి షటిల్ వెనక పడి ఉంటుంది. కంగారులో పెద్ద ఊపు ఊపి నెట్‌కి కొడతాడు. వెనకున్న జతగాడు రెండు వైపులా ఉరికి ఉరికి, చివరికి వాడి భుజం నొప్పి పడుతుంది. నిజంగా డబుల్స్ నేర్పాలంటే: రెండు సర్వీస్ గడులు కలిసే చోటికి ఒక అడుగు వెనక నిలబెట్టండి. రాకెట్ తల నెట్ పైఅంచు కంటే పైన ఉండాలి. అవతలి మధ్య కోర్టు నుంచి ఆగకుండా 20 షటిళ్లు బల్లపరుపుగా పంపించి, ప్రతిదాన్నీ నెట్‌కీ అవతలి ముందు సర్వీస్ గీతకీ మధ్యే రాల్చమనండి. పన్నెండో షటిల్ దగ్గరే రాకెట్ తల కిందికి జారుతుంది. ఆ జారడం ఆగేదాకా అదే పని. మూడు విడతలయ్యాక పిల్లాణ్ని అడగండి, సగం శ్రమేనా అని.

ఇండోనేషియాలో సింగిల్స్‌కి పనికిరానివాళ్లని డబుల్స్‌లోకి తోసేయరు. జకార్తాలోని చిపాయుంగ్ జాతీయ శిబిరంలో పురుషుల డబుల్స్ ఒక ప్రత్యేక విభాగం, దానికి వేరే కోచ్‌లు.

ఇక అదృష్టం. ఇక్కడ మాత్రం ఫార్వర్డ్‌తో పేచీ పెట్టుకోలేను. 2019లో హెండ్రా, అహ్సాన్ కంటే వాళ్ల దేశపు కుర్ర జోడీ, మినియన్స్ అని పిలిచే కెవిన్, మార్కస్ మెరుగ్గా ఆడారు. ఆ ఒక్క ఏడాదే ఇండోనేషియా మాస్టర్స్, ఇండోనేషియా ఓపెన్, జపాన్, చైనా, డెన్మార్క్, అయిదు ఫైనల్స్‌లో పెద్దవాళ్లని ఓడించారు. ఆల్ ఇంగ్లండ్, ప్రపంచ టైటిల్, ఏడాది చివరి వరల్డ్ టూర్ ఫైనల్స్, పెద్దవాళ్లు గెలిచిన ఈ మూడు ఫైనల్స్‌లోనూ ఎదురుగా ఉన్నది మినియన్స్ కాదు. ప్రపంచ పోటీలు జరిగిన బాసెల్‌లో ఆ కుర్ర జోడీ రెండో రౌండులోనే కొరియా జోడీకి దొరికిపోయారు. దొరక్కపోయి ఉంటే హెండ్రా ఖాతాలో నాలుగో ప్రపంచ టైటిల్ ఉండేదా అంటే, నేనైతే పందెం కట్టను. జపాన్ జోడీ హోకి, కొబయాషీల మీద ఫైనల్ 25-23, 9-21, 21-15 దాకా వెళ్లిన మాట వేరు.

పుట్టినరోజు ముక్క చదివి, ఇది కచ్చితంగా కల్పితమే అనుకున్నాను. కాదు. హెండ్రా పుట్టింది 1984 ఆగస్టు 25న, బాసెల్ ఫైనల్ 2019 ఆగస్టు 25న. అదే రోజు, అదే హాల్లో, సింధు మహిళల సింగిల్స్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారని 21-7, 21-7తో ఊదిపారేసింది. ఇంత పొడుగు ఫార్వర్డ్ రాసినవాడికి ఆ ఒక్కటీ దొరకలేదు.