పెద్ద ఫ్లెక్సీలు, కనిపించని పేర్లు

ఆగస్టు 15 వస్తే చాలు, నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు చౌరస్తాల్లో అమర జవాన్ల విగ్రహాలు కడుగుతారు, దండలేస్తారు, అమరుడి ముఖం కన్నా పెద్ద ముఖాలతో ఫ్లెక్సీలు కడతారు. ఫొటోలు దిగి వెళ్లిపోతారు. దీన్ని నివాళి అనడానికి మాకు నోరు రావడం లేదు.

నాగాలాండ్‌లోని కోహిమా యుద్ధ శ్మశానం చూడండి. 1944లో జపాన్ సేనను అడ్డుకున్న ఆ కొండవాలులో 1,420 సమాధులున్నాయి. అధికారికీ, సిపాయికీ ఒకే తీరు గుర్తు. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లూ అక్కడే చెక్కారు. వెళ్లినవాళ్లు పేర్లు చదువుతూ నడుస్తారు.

మన దగ్గర చదవడానికేముంది? గల్వాన్‌లో 2020 జూన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుకు విగ్రహం పెట్టారు, రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది, కేంద్రం మహావీర్ చక్ర ప్రకటించింది. మంచి పని, ఆ ఇంటికి ఎంత చేసినా తక్కువే. మరి కెమెరాలు రాని రోజున శవపేటిక దిగిన ఊరి సంగతేంటి? దేవరకొండ తండా నుంచో, మక్తల్ పక్క పల్లె నుంచో పటాలంలో చేరి తిరిగిరాని మామూలు జవాను పేరు జిల్లా కేంద్రంలో ఏ గోడ మీద ఉందో నాయకులు చూపించాలి. వేదికెక్కితే జవాన్లంతా సమానమే, దిగాక మాత్రం హోదాను బట్టి, ఎన్నికలను బట్టి గౌరవం!

రాళ్ల మీద పేర్ల కన్నా కుటుంబాలకు సాయం ముఖ్యమని కొందరంటారు. నిజమే, కానీ పేరు రాస్తే పింఛను ఆగదు కదా.

మొదటి ప్రపంచ యుద్ధంలో మనవాళ్లు 74 వేల మంది చనిపోయారు. చావులో అందరూ సమానమని చెప్పుకున్న, ఆ యుద్ధ మృతుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ సమాధుల కమిషన్, భారత, ఆఫ్రికా సైనికుల్లో వేల మందికి ఆ సమానత్వం దక్కలేదని 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వందేళ్లు పట్టింది, అయినా తప్పు రాసి పెట్టుకుంది. స్వతంత్ర దేశంలో సొంత బిడ్డల విషయంలో మనమూ అదే వివక్ష చూపిస్తూ, ఆ మాట ఎత్తడానికి కూడా సిద్ధంగా లేం.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలున్నాయి, గ్రామ పంచాయతీలున్నాయి. హోదాలు పక్కనపెట్టి, ఊరి పేరుతో సహా ప్రతి అమర జవాను జాబితా తీసి కలెక్టరేట్ ముందు రాతి పలకపై చెక్కించండి. చుట్టూ ఫ్లెక్సీలు కడితే కేసులు పెట్టండి. ఇంత చిన్న పని చేతకాని మంత్రులు, ఎమ్మెల్యేలు ఈసారి దండ పట్టుకుని విగ్రహం దగ్గరికి రావద్దు.