ఇటుక కాపడం వైద్యులకు

వారం నుంచి నాలుగు గ్రూపుల్లో అదే మెసేజ్. "తుంటి మార్పిడి తర్వాత తొడ మొద్దుబారిందా? డాక్టర్ నరం కోసేసినట్టే! నరంలో రక్తం ఆగి కాలు పడిపోతుంది. ఇటుక కాల్చి కాపడం పెట్టండి. ఇవేవీ ఆస్పత్రుల్లో చెప్పరు." మా పెద్దమ్మకి తుంటి మార్చి మూడు నెలలే అయింది కదా, అందరూ ప్రేమగా నాకే పంపుతున్నారు.

రక్తం గొడవ ముందు తేల్చేద్దాం. మన భాషలో రక్తం పారేదీ నరమే, స్పర్శ మోసేదీ నరమే. రాసినాయన రెండూ కలిపేశాడు. ఇక్కడ దెబ్బతినేది స్పర్శ మోసేది, రక్తనాళం కాదు.

కోసేయడమా? చాలాసార్లు తెగదు. కండరాల్ని పక్కకి లాగిపట్టే కొక్కేల దగ్గర సాగుతుంది, నలుగుతుంది. నెలల మీద తగ్గుతుంది. కొందరికి కొంత తిమ్మిరి ఉండిపోతుంది కూడా.

కాలు పడిపోదు. తుంటికి ముందువైపు కోత పెడితే ఎక్కువగా దెబ్బతినేది తొడ బయటివైపు చర్మానికి వెళ్లే నరం. అది ఒక్క కండరాన్నీ కదిలించదు. బెల్టు బిగుతైనా, పొట్ట పెరిగినా మొద్దుబారేది అదే. మనస్తత్వాల డాక్టర్ ఫ్రాయిడ్ తన తొడకే ఈ మొద్దు వచ్చిందని 1895లో రాసుకున్నాడు. మెట్లు దిగుతుంటే మోకాలు మడతపడిందా, కాలు చాపలేకపోతున్నారా, అది వేరే నరం. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక ఇటుక.

పెద్దమ్మ పెట్టేసుకుంది. గుడ్డ చుట్టి, టీవీ చూస్తూ, అరగంట. సాయంత్రం మనవరాలు "నానమ్మా, చీర తడిసిందేంటి?" అంది. చూస్తే బొబ్బ చితికి నీరు కారుతోంది, చుట్టూ అరచేయంత ఎరుపు. ఆవిడకి తెలియనే లేదు. తెలిస్తే దాన్ని మొద్దుబారడం అనరుగా స్వామీ! స్పర్శ లేని చోట వేడెంతో ఎవరు చెప్తారు, ఇటుకా? పైగా లోపల కొత్త కీలు ఉంది. పుండు చీము పడితే అది రక్తంలో కలిసి కీలు దాకా పోవచ్చు. అప్పుడు మళ్లీ కోతే. కాపడం వైద్యులు వచ్చి బిల్లు కడతారా?

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. "ఆస్పత్రుల్లో చెప్పరు" అన్నది మా విషయంలో నిజమే. పెద్దమ్మ సంతకం పెట్టిన కాగితాలు నిన్న తిరగేశాను. నరం సంగతి ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. నోటితో ఒక్కరూ చెప్పలేదు. "తొడ కొన్నాళ్లు మొద్దుగా ఉంటుందమ్మా, కంగారుపడకండి, వేడి పెట్టకండి" అనడానికి అర నిమిషం చాలు.

రేపు మళ్లీ డ్రెస్సింగ్‌కి తీసుకెళ్లాలి.