సందు కనిపిస్తే మూసేసే అలవాటు గారికి

అయ్యా,

మీరు క్షేమమేనని తెలుసు. నిన్న మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చి వెళ్లారు. తెల్ల సిమెంటు ఇంకా ఆరనే లేదు.

వెంటిలేటర్ల జోలికి పోవద్దని మేస్త్రీకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "నేనెందుకు పోత అన్నా" అన్నాడు. బ్యాంకు పని చూసుకుని వచ్చేసరికి నడిమింట్లో దర్వాజ మీది రెండూ మాయం. లోపల థర్మాకోల్ కుక్కి, సిమెంటు పూసి, పుట్టీ కూడా లాగేశాడు. చెప్పిన పని ఏనాడూ ఇంత నున్నగా చెయ్యలేదు. అడిగితే "ఏసీ పెడుతున్నరు గదా, చల్లదనమంతా పోతది. తొండలు గూడ వస్తయి" అన్నాడు. నోరు అతనిదే, బుద్ధి మీది.

మీ సేవలు మాకు కొత్త కాదు. గ్యాస్ గీజరున్న బాత్రూంలో కిటికీ మూస్తే ప్రాణాలు పోతాయని పేపర్లో చదివి కూడా, పక్కింటివాళ్లు మీ మాటే విన్నారు. మా వంటింటి పొగగూటికి ఇటుకలు పెట్టించిందీ తమరే. సరే, అవి వదిలేద్దాం.

గోడ సంగతి మాత్రం వదల్లేను. మా తాత కట్టించిన డంగు సున్నం గోడ అది. వానాకాలం పునాదిలోంచి చెమ్మ ఎక్కేది, సున్నం దాన్ని బయటికి వదిలేది, పైనుంచి గాలి పట్టుకుపోయేది. 45 డిగ్రీలు దాటే నల్గొండ ఎండలకు మిగతాది ఆరిపోయేది. మీరొచ్చి, చెమ్మ కనబడకుండా నాలుగడుగుల ఎత్తు టైల్స్ వేయించమన్నారు. కనబడలేదు, నిజమే. బయటపడే దారిలేక టైల్స్ వెనకనుంచే పైకి పాకి ఐదో అడుగు దగ్గర తేలింది. అక్కడ పుట్టీ పొక్కిపోయింది. వేలితో నొక్కితే చౌడు పొడిపొడిగా మంచం మీద రాలుతోంది. ఆ గోడకే ఆనించిన బీరువాలో అమ్మ గద్వాల చీర అంచుకు బూజు. దీనికి మీ వైద్యం? టైల్స్ ఇంకో రెండడుగులు పెంచమని!

మీకు పాస్‌పోర్టు కూడా ఉందట. మా చిన్నాయన కొడుకు బర్మింగ్‌హామ్‌లో 1930ల నాటి ఇల్లు కొన్నాడు. అక్కడ గోడంటే రెండు పొరలు, మధ్యలో ఖాళీ. నేలేమో చెక్కది, దాని కిందా ఖాళీయే. ఆ కింది గాలి ఆడడానికి బయటి గోడలో, నేల మట్టానికి కాస్త పైన, చిల్లుల ఇటుకలు పెడతారు. చలి ఆగాలని గోడ ఖాళీలోకి దూది లాంటిదో, థర్మాకోల్ పూసలో ఊదిస్తారు. ముందుగా ఆ చిల్లుల ఇటుక నుంచి లోపలి గోడ దాకా గొట్టం వేయకపోతే దారి పూడిపోతుంది, పూసలు నేల కిందికీ జారతాయి. కింద గాలి ఆగితే చెమ్మ చేరి దూలాలు కుళ్లుతాయి. గొట్టాల ఊసే లేకుండా ఊదేసి పోయారట. పాత యజమాని అంతకుముందే, కాళ్లకు చలేస్తోందని, కొన్ని చిల్లుల్లో గుడ్డలు కుక్కాడట. అక్కడ చలి వంక, ఇక్కడ ఏసీ వంక. సిగ్గుందా నీకు? ఇల్లు కట్టినవాడు పిచ్చోడై చిల్లులు పెట్టాడనుకున్నావా?

రేపు పొద్దున మేస్త్రీ మళ్లీ వస్తున్నాడు. థర్మాకోల్ పీకిస్తాను, ఆ టైల్స్ ఊడగొట్టించి సున్నమే పూయిస్తాను. ఏసీ వేసుకున్నప్పుడు మూసి, ఆపగానే తెరిచేలా వెంటిలేటర్లకు రెక్కలు పెట్టిస్తాను. తొండలకు జాలీ ఉంది. నువ్వు మాత్రం ఆ గుమ్మం తొక్కకు.

ఇట్లు,
నడిమింట్లో పడుకునేవాడు