పదమూడో నంబరు పానాతో దేశానికి ముప్పు

దేశ ఆర్థిక వ్యవస్థకు పొంచి ఉన్న ముప్పుల గురించి మేధావులు రోజూ రాస్తూనే ఉన్నారు. ముడిచమురు ధర, రూపాయి పతనం, వానలు ముఖం చాటేయడం, అన్నీ లెక్కలోకి వచ్చాయి. పదమూడో నంబరు పానాను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. దాని సంగతి ఇప్పుడే తేల్చకపోతే పాత పికప్ బండ్ల మీద బతుకుతున్న ఒక పెద్ద వ్యాపారమే కూలిపోతుందని బాధ్యత గల పౌరుడిగా హెచ్చరించక తప్పడం లేదు.

విషయం ఇది. పదేళ్లు దాటిన ఒక డీజిల్ పికప్ మదనపల్లె యార్డులో టమాటా ఎత్తుకుని బయల్దేరిందనుకోండి. దారిలో టీకి ఆపారు. మళ్లీ స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది గాని అందుకోవడం లేదు. ఎలాగో తాడు కట్టి పట్నానికి లాక్కొచ్చారు. స్కానర్ పెడితే, ఇంజిన్‌కు ఎప్పుడు ఎంత డీజిల్ పోయాలో లెక్కగట్టే ఈసీఎం అనే పెట్టె అసలు పలకడం లేదు. ఈ ఘట్టంలో సంస్కారవంతుడైన మెకానిక్ చేయవలసిన పని ఒక్కటే. బానెట్ కింద ఉన్న ఆ అల్యూమినియం పెట్టెను వేలితో రెండుసార్లు తట్టి, కాసేపు మౌనం పాటించి, "ఈసీఎం పోయిందండీ" అని చెప్పాలి. బండి యజమాని ముఖంలో నెత్తురు చుక్క లేకపోయినా, ఆ క్షణంలో ఎన్ని కుటుంబాల పొయ్యి వెలుగుతుందో ఆలోచించాలి.

కానీ ప్రతి ఊళ్లోనూ ఒక మొండి మనిషి ఉంటాడు. బోర్డు కూడా సరిగా లేని వైరింగు షెడ్డులో, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటుతో, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని కూర్చుంటాడు. స్కానర్ ఏమన్నా ముందుగా మల్టీమీటరు తీస్తాడు. ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ మీద పెడతాడు. రెండోదాన్ని, వైర్లన్నీ వచ్చి తగిలే ఈసీఎం కప్లర్‌లోకి, ఎర్త్ వైరు పక్కగా, సన్నని సూదితో వెనక నుంచి దూరుస్తాడు. "సెల్ఫ్ కొట్టు బాబూ" అంటాడు. ఒక వోల్టులో పదో వంతుకు మించకూడని చోట మీటరు రెండు వోల్టులు దాటుతుంది, అంటే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. ఇక ఆ వైరు వెంట చేత్తో తడుముకుంటూ కిందికి పోతాడు. బ్యాటరీ తట్ట కింద, ఛాసిస్‌కు బిగించిన బోల్టు దగ్గర ఆగుతాడు. అక్కడ వైరు చివరి లోహపు లగ్గు మీద ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంటుంది. గోటితో గీకితే రాలుతుంది. వైరు పోగుల్లో సగం నల్లబడి తెగిపోయి, మిగతా సగం పరువు కోసం వేలాడుతుంటాయి. అప్పుడు బయటికి తీస్తాడు ఆ పదమూడో నంబరు పానా. బోల్టు విప్పి, ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గు కొట్టి, గ్రీజు రాసి బిగిస్తాడు. బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. కూలి అడిగితే "మీకు తోచింది ఇవ్వండి" అంటాడు.

ఈ దుర్మార్గం వల్ల దేశానికి ఒరిగిందేమిటి? ఒక లగ్గు అమ్ముడుపోయింది. ఎమరీ కాగితం ముక్క అరిగింది. జీఎస్టీ రాలేదు, బిల్లు లేదు, కొరియర్ కదల్లేదు, సాఫ్ట్‌వేర్ కొట్టే కుర్రవాడికి లాప్‌టాప్ తెరిచే అవకాశమే దక్కలేదు. పైగా టమాటా చెడిపోకుండా మార్కెట్‌కు చేరింది. ఇలాంటి మనుషులు ఇంకో పదిమంది పుడితే వృద్ధి రేటు గతేమిటో ఆర్థికవేత్తలే చెప్పాలి.

అసలు పాతకాలపు పికప్‌లలో ఈ ఇబ్బంది లేదు. మెకానికల్ పంపు, నాలుగు గొట్టాలు, నాలుగు ఇంజెక్టర్లు, ఇంజిన్ ఆపడానికి ఒక సోలినాయిడ్. సెల్ఫ్ పని చేయకపోతే నలుగురు దిగి నెట్టేవారు. మరమ్మతు చేసినవాడి చేతికి నల్లమరక తప్ప గౌరవం అంటేది కాదు. తర్వాత కాలుష్య ప్రమాణాలు బిగుసుకున్నాయి. బీఎస్-4 మొదట 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలకు వచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైంది. ఆ దారిలోనే కామన్ రైలు ఇంజిన్లు, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందేవి, పల్లె పికప్‌ల దాకా చేరాయి. వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో డీజిల్ ఆ గొట్టంలో నిలబడి ఉంటుంది. ఇంజెక్టర్ ఎప్పుడు తెరుచుకోవాలో, సెకనులో వెయ్యో వంతుల లెక్కలో ఎంతసేపు తెరిచి ఉండాలో ఈసీఎం ఆజ్ఞాపిస్తుంది. పొగ తగ్గింది, మైలేజీ పెరిగింది. అది నిజమే, ఇందులో వ్యంగ్యమేమీ లేదు. వ్యంగ్యమంతా ఆ పెట్టెకు ఎవరి తాళంచెవి పడుతుందన్న దగ్గర మొదలవుతుంది.

పెట్టె మార్చడమంటే నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడమనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. కొత్త ఈసీఎం పై ఊరు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు లాంటిది. కుర్చీలో కూర్చుంటుంది గాని ఎవరినీ గుర్తుపట్టదు. ముందుగా దానికి ఈ బండి ఏ బండో సాఫ్ట్‌వేర్ ద్వారా చెప్పాలి. తర్వాత ఛాసిస్ నంబరు రాయాలి. తర్వాత దొంగ తాళాలను అడ్డుకునే ఇమ్మొబిలైజర్‌కు పరిచయం చేయాలి. తాళంచెవి తలలోని చిన్న చిప్పు చెప్పే సంకేతం కుదరకపోతే, సొంత యజమాని సొంత తాళంతో తిప్పినా అది డీజిల్ వదలదు. ఆపైన ఇంజెక్టర్లు. ఒక్కో ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఒక కోడు చెక్కి ఉంటుంది. కార్ఖానాలో ఆ ఇంజెక్టర్ ఏ ఒత్తిడికి ఎంత చిమ్మిందో కొలిచి ఇచ్చిన జాతకం అది. ఏ సిలిండర్‌లో ఉన్నదాని కోడు ఆ సిలిండర్ పేరు మీదే ఎక్కించాలి. మసి, నూనె పట్టిన ఆ అక్షరాలను కిరోసిన్ గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్ లైటు వేసి, అది ఎనిమిదా 'బి'నా అని ఇద్దరు మగాళ్లు అరగంట వాదించుకునే దృశ్యం చూడదగ్గది. తప్పు పడితే బండి స్టార్ట్ అవుతుంది గాని గుండ్రాయి దంచినట్టు కొడుతూ పొగ వదులుతుంది.

ఇంతా జరుగుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోకూడదు. సాఫ్ట్‌వేర్ సగం ఎక్కాక సరఫరా తెగితే కొత్త పెట్టె కూడా పాతదాని దారే పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు పక్కన ఛార్జర్ పెట్టి మరీ మొదలుపెడతారు. తెలియనివాళ్లు దేవుడికి దండం పెట్టి మొదలుపెడతారు. రెండో పద్ధతిలో ఇంకో పెట్టె అమ్ముడుపోయే అవకాశం ఉంది కనుక, మన వాదం ప్రకారం అదే ఎక్కువ దేశభక్తి.

స్కానర్‌ను కూడా ఇక్కడ అభినందించాలి. అది అబద్ధం చెప్పదు. చెప్పే నిజాన్ని మనం ఎలా చదువుతామన్నదే ముఖ్యం. యూ0100 అనే కోడు వస్తే దాని అర్థం "ఈసీఎంతో సంబంధం తెగింది" అని. ఫ్యూజు పోయినా తెగుతుంది, మెయిన్ రిలే పట్టకపోయినా తెగుతుంది, సమాచారం మోసే రెండు పెనవేసిన వైర్లలో ఒకటి ఎలుక కొరికినా తెగుతుంది. స్కానర్ తగిలించే పదహారు పిన్నుల సాకెట్‌లో ఆరో పిన్నుకూ పద్నాలుగో పిన్నుకూ మధ్య, బ్యాటరీ తీసి, అరవై ఓములు వస్తున్నాయో లేదో చూస్తే ఆ వైర్ల సంగతి సగం తేలిపోతుంది. ఇంకో వింత ఉంది. సెన్సర్లకు ఈసీఎం ఇచ్చే ఐదు వోల్టుల లైను చాలా బండ్లలో కొన్ని సెన్సర్లకు ఉమ్మడిది. వాటిలో ఒక్కటి లోపల షార్ట్ అయితే లైనంతా కుప్పకూలుతుంది, మంచి ఈసీఎం కూడా శవంలా కనిపిస్తుంది. కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోతే, దోషి ఊడిన క్షణంలో డాష్‌బోర్డు మీది పసుపు ఇంజిన్ దీపం మళ్లీ వెలుగుతుంది. ఈ రహస్యాలు బయటికి పొక్కకూడదు. ఇక్కడ రాసినందుకు వ్యాపార వర్గాలు మన్నించాలి.

న్యాయంగా ఒప్పుకోవాలి, నిజంగానే చచ్చే ఈసీఎంలు కూడా ఉన్నాయి. వాటిని చంపేవారికి తగిన గుర్తింపు రావడం లేదన్నదే నా బాధ. పికప్ కొన్న మొదటి వారంలోనే పక్క పలకలు ఎత్తు పెంచడానికి వెల్డింగ్ షాపుకు తోలతాం కదా. బ్యాటరీ తీయకుండా, ఈసీఎం కప్లర్ ఊడదీయకుండా, ఛాసిస్ మీద ఎక్కడో ఎర్త్ క్లాంపు తగిలించి చుర్రుమనిపించే ఆ చేయి ఎంత సేవ చేస్తోందో ఎవరైనా గమనించారా? వాటర్ సర్వీసులో ఇంజిన్ మీదికి నేరుగా గన్ను గురిపెట్టే కుర్రవాడు, జంపర్ కేబుళ్లు తిరగేసి పెట్టే ఆపద్బాంధవుడు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఆల్టర్నేటర్ బాగుందో లేదో ఇప్పుడు తెలుస్తుంది" అనే శాస్త్రవేత్త, వీళ్లందరూ లేకపోతే కొత్త పెట్టెలకు గిరాకీ ఎక్కడిది? ఎలుకలనైతే చెప్పనే అక్కర్లేదు, జీతం లేకుండా రాత్రి షిఫ్టు చేస్తున్నాయి.

ఈ శుభవాతావరణాన్ని చెడగొట్టడానికి ప్రభుత్వం కూడా పూనుకోవడం విచారకరం. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతోపాటు వాహనాలను కూడా అందులో చేర్చింది. ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఓటర్లు 2012లోనే బయటి మెకానిక్‌లకు వాహనాల మరమ్మతు సమాచారం ఇచ్చితీరాలని ఓటేశారట, అదొక దుష్ట ఉదాహరణ. రేపు మన వైరింగు షెడ్డులో కూర్చున్న ఆ పెన్సిల్ మనిషికి వైరింగు పటమూ, ఇమ్మొబిలైజర్ కలిపే అనుమతీ చేతికి వస్తే? పటం లేకుండానే ఇంత నష్టం చేస్తున్నవాడు పటం ఉంటే ఊరుకుంటాడా?

అందుకని కొన్ని వినతులు. ఎర్త్ బోల్టులకు సీలు వేయాలి, విప్పాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. మల్టీమీటరుకు లైసెన్సు ఉండాలి. "ముందు వైరింగు చూద్దాం" అనే మాట షెడ్డు గోడ దాటకూడదు. ఫిట్‌నెస్ పరీక్షలో, ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా జరిగే ఆ తంతులో, ఈసీఎం ఎన్నిసార్లు మార్చారో అడిగి, ఒక్కసారీ మార్చనివారిని పొదుపు రోగులుగా నమోదు చేయాలి.

చివరగా విమర్శకులు వేసే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. బాగున్న పెట్టెను తీసి కొత్తది పెడితే బండి ఎలా నడుస్తోంది, అంటే పెట్టెదే తప్పు కాదా అని అడుగుతారు. కప్లర్ ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కినప్పుడు పిన్నుల మీది పాచి రాసుకుపోతుంది. పెట్టె కదిలించినప్పుడు దాని కింద నలిగిన ఎర్త్ వైరు కూడా కాస్త సర్దుకుంటుంది. కొన్ని రోజులు బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, పేరు కొత్త పెట్టెకు వస్తుంది. తర్వాత మొదటి వాన పడగానే మళ్లీ టీ కొట్టు దగ్గరే ఆగుతుంది. అప్పుడు మెకానిక్ గంభీరంగా "ఈసీఎం కొత్తదే కదా, అంటే వైరింగు మొత్తం మార్చాలి" అంటాడు. ఈలోగా పాత పెట్టెను తుడిచి, పైన చిన్న కాగితం అంటించి, "సెకండ్ హ్యాండ్, టెస్ట్ చేసింది, గ్యారంటీ" అని రాసి అల్మారాలో పెడతాడు. ఆ అంగడిలో నిజం రాసి ఉన్న కాగితం అదొక్కటే. పక్క జిల్లా నుంచి దాని కోసం ఇప్పటికే ఫోను వచ్చిందట.